పేరుకే ప్రశాంతి

పుప్పాలగూడ,
జూలై, ఆదివారం.

వదినగారికి నమస్కారాలండి.

ఫోనులో మెసేజీలు పెట్టవద్దని, చేత్తో రాయమని అన్నారు. నా మెసేజీలు బ్యాంకువాళ్లు పంపినట్టు ఉన్నాయన్నారు. సరేనండి, రాస్తున్నాను. కాగితం మీద రాసి చాలా ఏళ్లయింది. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి.

నేను బాగున్నాను. మాటవరసకు అనడం లేదు. ప్రశాంతి పోయిన కొత్తలో అన్నం మింగుడుపడేది కాదు. ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని, ఏం చేస్తున్నానో తెలియకుండా ఉండిపోయేవాణ్ణి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో మా భవనం మీరు చూశారు కదా. అందులో ఉద్యోగుల బాగోగులు చూసే విభాగం ఒకటి ఉంది. దేవిశ్రీ అనే అమ్మాయి నన్ను అక్కడికి పిలిపించి చెవి వెనక ఒక పరికరం అతికించింది. చింతగింజంత ఉంటుంది. దాని పేరు నిమ్మళం. మేమందరం గింజ అంటాం.

పెట్టే ముందు ఆ అమ్మాయి, "మీకు ఏం కావాలి సార్, ఒక్క మాటలో చెప్పండి" అంది. "ప్రశాంతి కావాలి" అన్నాను. రాసుకుంది. అంతే.

ఏదైనా ఆలోచన బాధ పెట్టబోతే చెవి వెనక వెచ్చబడుతుంది. ఆ ఆలోచన పక్కకు జరిగిపోతుంది. ఆ చోట తృప్తి వస్తుంది. ఎవరికైనా ధన్యవాదాలు చెప్పాలనిపిస్తుంది. లిఫ్టులో అందరం ఒకరికొకరం చెప్పుకుంటాం. గచ్చిబౌలి ఫ్లైఓవరు మీద హారన్లు కూడా తగ్గాయి. కంపెనీకి, ఆ అమ్మాయికి, మీకు, అందరికీ నేను కృతజ్ఞుణ్ణి.

ప్రశాంతిని తలచుకుంటే ఇప్పుడు హాయిగా ఉంటుంది. ఎంత నెమ్మది మనిషి. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కనాడూ గొంతు పెంచి మాట్లాడలేదు.

మీ మీద కూడా నాకు ఏ కోపమూ లేదండి. ఉండేదని గుర్తుంది. దినాల తరువాత మీతో మాట్లాడటం మానేశానని కూడా గుర్తుంది. ఎందుకో గుర్తు లేదు.

మార్గశిరంలో సంవత్సరీకం. ప్రశాంతికి ఉన్న ఒక్కగానొక్క అక్క మీరు. తప్పక రావాలి.

కృతజ్ఞతలతో,
రామాంజనేయులు


కదిరి,
జూలై చివర.

మరిదికి,

బాగున్నానని రాసినావు. సంతోషం. అయితే ఈ ఉత్తరం రాసిందెవరు?

నన్ను 'మీరు' అనడం నీకు ఎప్పటినుంచి అలవాటైంది? పెళ్లిచూపులకు వచ్చిన రోజు పొద్దున అన్నావు. సాయంత్రానికి "వదినా, ఇంకో రెండు బజ్జీలు వేయి" అన్నావు. అప్పటినుంచి నువ్వే. మాకందరికీ ఆంజనేయులువి, కింద ఈ నిండు పేరు సంతకం ఎందుకు? ఇప్పుడు ఈ 'అండి' ఏంది, అన్నంలో రాయి మాదిరి? ధర్మవరంలో పుట్టినోడివి, గోదావరి నీళ్లు ఎప్పుడు తాగినావు? నేను బడిలో పిల్లల పేపర్లు దిద్ది దిద్ది రిటైరైన దాన్ని. పక్కోడిది చూసి రాసిన పేపరు నాకు వాసనతోనే తెలుస్తుంది.

ఇంక మా చెల్లి సంగతి. నెమ్మది మనిషా? ఎవరి గురించబ్బా నువ్వు రాస్తున్నది? మేళం వాళ్లకు మీ తరఫువాళ్లు అన్నం ఆలస్యంగా పెట్టినారని పెళ్లిపీటల మీద నుంచి లేచి గొడవకు పోయిందెవరు? మా నాయన తల పట్టుకుని "పేరుకే ప్రశాంతి" అన్నాడు. అది మన రెండిళ్లలో సామెతైపోయింది. ఒకసారి కుక్కరు వెయిట్ తీసి నీ మీదికి విసిరింది. తగల్లేదని మళ్లీ తిట్టింది. నువ్వే ఫోన్ చేసి చెప్పి నవ్వినావు నాతో.

ఆమె నిన్ను ఏమని పిలిచేదో రాయి. ఒక్క మాట చాలు.

కోపం సంగతి తరువాత. అది ఎందుకో గుర్తులేకుండా పోయేంత చిన్న కోపం కాదు. నీ కోపం పోయిందని మెసేజి వచ్చిన రోజు నేను దేవుడి గదిలో కూర్చుని ఏడ్చినా. ఆ ఏడుపు దండగేమో అని ఇప్పుడు అనిపిస్తోంది.

మీ వదిన,
నాగమణి


పుప్పాలగూడ,
ఆగస్టు.

వదినగారికి నమస్కారాలండి.

మీ ఉత్తరం అందింది. చాలా సంతోషం. పెళ్లిలో గొడవ గురించి రాశారు. అది వేరే ఎవరి పెళ్లో అయి ఉంటుంది. కుక్కరు అని ఏదో ఉంది. అక్కడికి రాగానే చెవి వెచ్చబడింది. మళ్లీ చదివాను. నిలవలేదు. పరవాలేదండి.

ప్రశాంతి నన్ను "ఏమండీ" అని పిలిచేది. మెత్తటి గొంతు. సాయంత్రం నేను చెప్పులు విప్పుతుంటే, "ఏమండీ, వచ్చారా, కాఫీ ఇమ్మంటారా" అనేది. ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇక్కడి విశేషాలు. మా టీములో చైతన్య అనే కుర్రాణ్ణి ఉద్యోగం నుంచి తీసేశారు. ఈ మధ్యనే కూతురు పుట్టింది. మీటింగులో లేచి నిలబడి, ఇన్నాళ్లు అవకాశం ఇచ్చినందుకు థ్యాంక్స్ అన్నాడు. మనస్ఫూర్తిగా అన్నాడు. తీసేసిన మేనేజరు కూడా అతనికి థ్యాంక్స్ చెప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం. చక్కగా జరిగింది. తరువాత లిఫ్టు దాకా వెళ్లి, ఏ బటన్ నొక్కాలో తెలియనట్టు నిలబడ్డాడు. నవ్వుతూనే ఉన్నాడు.

మా అపార్టుమెంటు అసోసియేషను వాచ్‌మన్ సాయిలుకు కూడా గింజ పెట్టించింది. గేటు దగ్గర తగవులు లేవు.

ఒక చిన్న సంగతి. సాయిలు భార్య లక్ష్మమ్మ మా ఇంట్లో అంట్లు తోముతుంది. "అమ్మ నిన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు కదా" అన్నాను ఆమెతో. చేతిలో గిన్నెతో అలాగే నిలబడింది.

"ఏంది సార్ గిట్లంటరు? అమ్మ తిడితే కింద పార్కింగు దాంక ఇనొస్తుండె. గిన్నెకు జిడ్డు కనవడితే, 'దీన్ని తోమినవా, ముద్దు వెట్టుకున్నవా' అంటుండె."

ఇంకా ఏదో చెప్పింది. చెవిన పడింది కాని మనసుకు ఎక్కలేదు. ఆమెకు ధన్యవాదాలు చెప్పాను. ఎందుకో భయపడినట్టు చూసింది.

దీపావళి అయ్యాక గింజను స్థిరం చేస్తారు. ఆ తరువాత పెట్టుకోనక్కరలేదు. మనసే ఆ దారిలో ఉండిపోతుంది. వెనక్కి మార్చడం కుదరదు. అందుకని ముందుగా సంతకం అడుగుతున్నారు. పెడతాను.

కృతజ్ఞతలతో,
రామాంజనేయులు


కదిరి,
ఆగస్టు.

మరిదీ,

ఏమండీనా.

మన సీమలో పుట్టిన ఆడది మొగుణ్ణి ఏమండీ అంటుందా? ఎవరన్నా అన్నా, ప్రశాంతి అంటుందా? నలుగురిలో ఉంటే "ఏమప్పా" అనేది. ఇంట్లో గుండ్రాయీ అనేది. నువ్వు నోరు తెరవవని. ఈ "కాఫీ ఇమ్మంటారా" అనే మనిషి టీవీ సీరియల్లో ఉంటుంది, పట్టుచీర కట్టుకుని నిద్రపోయేది. ఆ యంత్రానికి తెలుగు నేర్పినోళ్లు ఏం చూపించి నేర్పినారో నాకు తెలియదు. నీ ఇంట్లోకి ఇంకో ఆడదాన్ని తెచ్చి, మా చెల్లి చీర కట్టి నిలబెట్టినారు. నువ్వు ఆమెతో కాపురం చేస్తూ అందరికీ దండాలు పెడుతున్నావు.

ఇక్కడ ఆపు. గింజ తీసి పక్కన పెట్టి మిగతాది చదువు.

తీసినావా? అయితే విను. దీపావళికి ఆ సంతకం పెట్టొద్దు. చెల్లి ఒకసారి పోయినప్పుడు మనకు ఏడ్చేదానికి ఒక మనిషి ఉండె. ఈసారి పోతే ఎవరు పోయినారో కూడా నీకు తెలియదు. ఆసుపత్రి మంచం మీద కూడా ఆ పిల్ల నిన్ను తిట్టింది. నేను పక్కనే ఉన్నా. ఆ తిట్లు నీ ఆస్తి. నెమ్మదిగా చచ్చిపోయిన ప్రశాంతి ఎవరూ లేరు.

నాగమణి


పుప్పాలగూడ,
సెప్టెంబరు.

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. ప్రశాంతి గురించి మంచి మాటలు రాశారు. చదివి ఆనందించాను. ధన్యవాదాలు.

గింజ గురించి కూడా ఏదో రాసినట్టు అనిపించింది. మళ్లీ వెతికాను. కనబడలేదు.

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. మీ ఆరోగ్యం జాగ్రత్తండి.

రామాంజనేయులు


కదిరి,
సెప్టెంబరు.

మరిదీ,

నీ ఉత్తరం చూసి ఒక పూట అన్నం తినలేదు. తరువాత కూర్చుని ఆలోచించినా.

మీ ఆఫీసులో ఆ పిల్ల నీకేం కావాలని అడిగినప్పుడు నువ్వు ఒక మనిషి పేరు చెప్పినావు. దానికి అది పేరని తెలియదు. మనసు నెమ్మది కావాలంటున్నాడు అనుకుని రాసుకుంది. అప్పటినుంచి ఆ యంత్రం ఆ పేరు కనబడిన చోటల్లా నెమ్మది పోస్తోంది. అరుపులు తీసేస్తోంది. కుక్కరు వెయిట్ తీసేస్తోంది. పేరుకు తగ్గట్టు మనిషిని చెక్కుతోంది. అందుకని ఈ ఉత్తరంలో ఆ పేరు రాయను. నీకు వేరే మనిషి సంగతి చెప్తా. ఓబులమ్మ సంగతి.

ఓబులమ్మ మా నాయనమ్మ. నా వెనక పుట్టిన పిల్లకు బాలసారెలో బియ్యం మీద రాసింది ఆ పేరే. అయితే అత్త పేరు కోడలు నోటితో పలకకూడదు. ఆ పేరు పెట్టి బిడ్డను తిట్టడం అసలు కూడదు. ఆ బిడ్డనేమో పొద్దున లేస్తే తిట్టాల్సిందే. మా అమ్మ ఇబ్బంది చూడలేక మా నాయన బడిలో వేసేటప్పుడు ఇంకో పేరు పెట్టినాడు. అందరూ ఆ పేరుతోనే పిలిచినారు. కోపం వచ్చినప్పుడు మాత్రం ఇంట్లో అనేవాళ్లం, ఓబులమ్మ దిగిందని. నువ్వు కూడా ఫోన్ చేసి, "వదినా, ఈ పూట మా ఇంటికి ఓబులమ్మగారు దయచేసినారు, నేను బాల్కనీలో ఉన్నా" అనేవాడివి. ఆ పేరు కార్డుల్లో లేదు, కంప్యూటర్లలో లేదు. మన నోళ్లలోనే ఉంది.

పోయినేడు ఉగాదికి ఓబులమ్మకు రొమ్ములో గడ్డ తగిలింది. నాకు చెప్పింది. మొగుడికి చెప్పొద్దని నా తల మీద చేయి పెట్టి ఒట్టు వేయించుకుంది. "వాడు పెద్ద ప్రాజెక్టులో ఉన్నాడు, క్లయింటుకు అప్పగించేదాకా ఆగు. తెలిస్తే అన్నీ వదిలేసి నా మంచం కోడు మాదిరి నిలబడతాడు" అనింది. నేను పోట్లాడినా. ఓబులమ్మతో పోట్లాడి ఎవరు గెలిచినారు? నీకు తెలిసింది దసరా పోయినాక. ఇంకాస్త ముందు వచ్చి ఉంటే అని డాక్టరు సగంలో ఆపినాడు. ఆసుపత్రి వరండాలో నువ్వు నా ముఖం చూసి, "నువ్వు చంపినావు వదినా" అన్నావు. నీ కోపం అది.

మంచం మీద ఓబులమ్మ ఓబులమ్మ మాదిరే ఉండింది. నువ్వు క్యాంటీను నుంచి ఇడ్లీ తెస్తే, "ఇది గోడకు కొడితే గోడ పడిపోతుంది, నన్ను తినమంటావా?" అనింది. నువ్వు మాట్లాడకుండా ప్లేటు పట్టుకుని నిలబడితే, "గుండ్రాయీ, ఆ ఫ్యానన్నా తిప్పు" అనింది. నువ్వు డాక్టరు కోసం పోయినాక నాతో అనింది, "వాడు పలకడు కానీ అక్కా, నేను తిడుతుంటే ఒక చెవి నా దిక్కే పెట్టి ఉంటాడు. నేను ఇన్నేళ్లు కాపురం చేసింది ఆ చెవితోనే."

ఇప్పుడు ఆ చెవి వెనక ఏం పెట్టినారో చూసుకో.

నాకూ ఆశ ఉండె. నువ్వు కోపం మరిచిపోయినావు కదా, ఎట్లా మరిచిపోతేనేం, ఉండనీ అనుకున్నా కొన్నాళ్లు. నాకు చెల్లీ పోయింది, నువ్వూ పోయినావు, నువ్వన్నా వచ్చినావని. కానీ అది నువ్వు ఇచ్చింది కాదు. నేను చేసింది తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. తప్పని నువ్వు అంటావు. అను. అనేది నువ్వై ఉండాల.

నాగమణి


పుప్పాలగూడ,
అక్టోబరు.

వదినా,

నీ ఉత్తరం ఆఫీసు ఫుడ్‌కోర్టులో చదివాను. ఇడ్లీ దగ్గర నవ్వొచ్చింది. పైకే నవ్వాను. చుట్టూ ఉన్నవాళ్లు నన్ను చూసి వాళ్లూ చిరునవ్వు నవ్వారు. తరువాత ఆసుపత్రి వరండా సంగతి మళ్లీ చదివాను. చెవి వెచ్చబడుతుందని ఎదురుచూశాను. వెచ్చబడలేదు. ఓబులమ్మ కథ నా బాధేనని దానికి తెలియలేదు. 'నువ్వు చంపినావు' అన్నది నా మాటే. నా గొంతుతోనే వినబడింది.

గింజ పీకి ట్రేలో సాంబారు గిన్నె పక్కన పెట్టాను. ఏడ్చాను. ఎవరూ దగ్గరికి రాలేదు. వాళ్లను అనడానికి లేదు. వాళ్ల చెవులు వెచ్చబడి ఉంటాయి.

ఆమె గొంతు మళ్లీ వినిపించింది. బొంగురు గొంతు. ఏమండీ అనలేదు.

దేవిశ్రీ దగ్గరికి వెళ్లాను.

"సార్, మీ స్కోర్స్ అన్నీ ఎక్సలెంట్‌గా ఉన్నాయి. ఎందుకు తీసేశారు?"

"ఆ రోజు నాకేం కావాలన్నాను?"

స్క్రీను చూసింది. "ప్రశాంతి."

"అది నా భార్య పేరమ్మా."

నావైపు తిరిగింది. కళ్లలో ఏదో కదిలింది. చేయి చెవి వెనక్కి వెళ్లింది. వెంటనే ముఖంలోకి నవ్వు వచ్చింది.

"షేర్ చేసినందుకు థ్యాంక్యూ సార్. కరెక్ట్ చేసేద్దాం. మేడం పేరు 'వద్దు' లిస్టులో పెడితే ఇక అస్సలు గుర్తుకు రారు. చాలా ఈజీ."

"అక్కర్లేదు."

"మరి ఏం కావాలి సార్ మీకు?"

"ఏమీ వద్దు."

"ఆ ఆప్షన్ లేదు సార్."

గింజ లేకుండా ఈ ప్రాజెక్టులో ఉండటానికి వీల్లేదన్నారు. ఉద్యోగం మానేశాను. నాకూ చప్పట్లు కొట్టారు.

ఇంటికి వస్తే లక్ష్మమ్మ ఉంది. నా ముఖం చూసి, "ఏడ్చినవా సార్?" అంది. అవునన్నాను. గిన్నెలు వదిలేసి కిందనే కూర్చుంది.

"మంచిగైంది. మా సాయిలు గూడ ఏడిస్తే బాగుండు. గా గింజ వెట్టినకాడికెల్లి ఇంట్ల సల్లగ కూసుంటడు. ఏమన్నంటే, నీకు దండం లక్ష్మమ్మ అంటడు. కొట్లాడుదమంటే మనిషే దొర్కుతలేడు సార్. జర అసోసియేషనోళ్లకు జెప్పుండ్రి, తీసేయ్యమని."

చెప్పాను. మూడుసార్లు చెబితే విన్నారు.

కోపం వచ్చింది వదినా. నీ మీద. మొత్తం వచ్చింది. ఇంతకంటే ఇప్పుడు రాయలేను.

ఆంజనేయులు


కదిరి,
అక్టోబరు.

ఆంజనేయులూ,

ఇది నీ ఉత్తరం. నీ రాత. అక్షరాలు కూడా నీవే, కోడి కెలికినట్టు.

కోపం ఎంతుందో అంతా రాయి. ఫోను చేసి తిడతానన్నా సరే. వింటా. ఎదురు చెప్తా కూడా. నా సంగతి తెలుసు కదా నీకు.

ఒక్కటి అడగాల. సంవత్సరీకానికి రమ్మని మొదటి ఉత్తరంలో పిలిచినావు. అప్పుడు నీ చెవికి గింజ ఉండె. ఆ పిలుపు పట్టుకుని వచ్చి నీ గడప తొక్కలేను. నువ్వు పిలిస్తే వస్తా. పిలవకపోతే ఇక్కడే నరసింహస్వామి గుళ్లో ఆమె పేరు చెప్పి పూజ చేయించుకుంటా. రెండు పేర్లూ చెప్తా. నువ్వు బాధపడాల్సిన పని లేదు. జవాబు ఆలస్యమైనా నిజమే రాయి.

నాగమణి


పుప్పాలగూడ,
నవంబరు.

వదినా,

ఆలస్యం చేశాను. రాయడం, చింపడం జరిగింది.

ముందు కోపం సంగతి. నువ్వు నాకు చెప్పి ఉండాల్సింది. ఒట్టు అన్నావు. ఒట్టు తీసి గట్టున పెట్టాల్సింది. ఆ ప్రాజెక్టు వదిలేయమని ఆమె అడిగితే ఆ రోజే వదిలేసేవాణ్ణి. అది ఆమెకు తెలుసు. అందుకే అడగలేదు. నీకూ తెలుసు. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ కలిసి నన్ను పక్కన కూర్చోబెట్టారు. ముందు తెలిసినా ఆమె బతికేదని అనడం లేదు. ఆ కొన్ని నెలలు నేను ఆఫీసులో కాక ఇంట్లో ఉండేవాణ్ణి. అవి నావి. మీరిద్దరూ తీసుకున్నారు.

ఇది రాసేటప్పుడు ఏ మాటా పక్కకు జరిగిపోలేదు. ఎవరూ వచ్చి ఆపలేదు. అంతా రాయగలిగాను.

ఓబులమ్మతో కూడా రోజూ గొడవగానే ఉంది. ఎందుకు దాచావని అడుగుతాను. "నీ ఏడుపు మొహం చూడలేక" అంటుంది. వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలో కూడా ఆమే చెబుతుంది. ఇల్లు చప్పుడుగా ఉంది. కొన్నిరోజులు భరించలేను. అప్పుడు కూడా ఆ గింజ కావాలని అనిపించలేదు. ఒకటి రెండుసార్లు అనిపించింది. అబద్ధం ఎందుకు.

బాచుపల్లిలో ఒక కాలేజీలో పాఠం చెబుతున్నాను. పిల్లలు ఎదురు మాట్లాడతారు. మార్కులు తక్కువ వేశానని రసజ్ఞ అనే అమ్మాయి క్లాసు అయ్యాక నిలబెట్టి వాదించింది. "సార్, మీ క్వశ్చనే తప్పు, నా ఆన్సర్ ఎట్ల తప్పయితది?" అంది. చూస్తే ప్రశ్నే తప్పు. మార్కులు వేశాను. ఇంత సంతోషంగా ఇంటికి వచ్చి చాలా కాలమైంది.

చైతన్యకు ఫోన్ చేశాను. ఉద్యోగం పోయిన రోజే గింజ వెనక్కి తీసుకున్నారట. కారులో కూర్చుని, ఆ రోజు థ్యాంక్స్ చెప్పిన ప్రతి ఒక్కరినీ పేరుపేరునా తిట్టుకున్నాడట. "మిమ్మల్ని కూడా తిట్టాను సార్" అన్నాడు. చప్పట్లు కొట్టానుగా, తిట్టాల్సిందే అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. కూతురి అన్నప్రాశనకు రమ్మన్నాడు.

సాయిలు, లక్ష్మమ్మ మెట్ల కింద పోట్లాడుకుంటున్నారు. "ఏందే నీ లొల్లి" అంటున్నాడు. వాళ్ల పిల్లలు టీవీ సౌండు పెంచారు.

నీకు ఒకటి చెప్పాలి. నువ్వు నాకు తిరిగి ఇచ్చినవాటిలో నీకు పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఇచ్చాక నేను నీతో మాట్లాడనని తెలుసు. మాట్లాడుతూ ఉన్న మరిదిని ఉంచుకోగలిగేదానివి. వదులుకున్నావు. నాకు ఆమెను ఇచ్చావు. ఆమె మొత్తాన్ని, ఆ ఇడ్లీతో సహా. ఆఫీసులో అన్ని నెలలు అందరికీ ధన్యవాదాలు చెప్పాను. ఇప్పుడు చెప్పాల్సి వస్తే ఆ మాట నోటికి రావడం లేదు. మన ఇళ్లలో ఎవరు ఎవరికి చెప్పుకున్నారని. చేసిన మేలు చేసినట్టే ఉంటుంది. చచ్చేదాకా ఉంటుంది.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు.

బస్సు ఎక్కు. ఊరి మొదట్లో ఆరాంఘర్ చౌరస్తాలో దిగు. ఎంత పొద్దున్నే అయినా నేను అక్కడ ఉంటాను. దారిలో మాట్లాడకపోవచ్చు. ఇంటికి వచ్చాక పోట్లాడవచ్చు. ఈసారి నేను కూడా గట్టిగానే మాట్లాడతాను, చెబుతున్నాను. వంట నేనే చేస్తాను. నా పక్కన నీ విస్తరి వేస్తాను. కోపంగానే వడ్డిస్తాను.

తినకుండా లేవకూడదు.

ఆంజనేయులు